పాత కారు ఇంజిన్‌లో మడ్డి, వార్నిష్ తొలగింపు: ఏ పని తర్వాత ఏ పని

"ఇంజిన్‌లో మడ్డి పేరుకుంది, ఏ ఫ్లష్ పోస్తే పోతుంది?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి తరచుగా వస్తోంది. (ఫ్లష్ అంటే ఆయిల్‌లో కలిపి మడ్డిని కరిగించే ద్రవం.) ఆ ప్రశ్నకు జవాబు ఎనిమిదో భాగంలో ఉంది. అక్కడికి చేరేలోగా చేయవలసిన పనులే ఎక్కువ కాబట్టి దయచేసి వరుసగా చదవండి.

మడ్డి ఒకచోట అంటుకొని ఉన్నంతకాలం అది చేసే హాని నెమ్మదిగా జరుగుతుంది. అదే మడ్డి పెళ్లలుగా ఊడి ఆయిల్ పంపు స్ట్రైనర్‌ను (పంపు ఆయిల్ పీల్చుకునే పైపు చివరి జల్లెడను) మూసేస్తే బేరింగులు నిమిషాలలో పాడవుతాయి. అందువల్ల చేతికి అందిన మడ్డిని చేత్తోనే తీయాలి, అందనిదాన్ని మంచి ఆయిల్‌తో నిదానంగా కరగనివ్వాలి, ఈ రెండింటికీ నడుమ స్ట్రైనర్ శుభ్రంగా ఉందని కళ్లారా చూసుకోవాలి.

1. లోపల ఉన్నది ఏమిటో తేల్చుకోవడం

ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూడండి. కనిపించేది ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది.

• వార్నిష్: తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఉండే పలుచని గట్టి పొర. గుడ్డతో తుడిస్తే రాదు.
• మడ్డి: నల్లగా, మెత్తగా, వేలితో తీస్తే ముద్దగా వచ్చేది. ముదిరితే తారులా సాగుతుంది.
• కాల్చిన బొగ్గులాంటి పెళ్లలు: మడ్డి ఏళ్ల తరబడి వేడికి ఎండి పెళుసుబారిన స్థితి. ఊడితే ముక్కలుగా రాలుతుంది కనుక అన్నింటిలోకీ ఇదే ప్రమాదకరం.
• తెల్లని నురగ: ఆయిల్‌లో నీరు కలిసిన గుర్తు.

చివరిదాని విషయంలో తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే కారులో మూత కింద మాత్రమే నురగ కనిపిస్తే అది ఇంజిన్ లోపల చెమర్చిన తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా పాలరంగు కనిపించి, కూలెంట్ మట్టం తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్‌నో ఆయిల్ కూలర్‌నో అనుమానించాలి. అలాంటి ఇంజిన్‌ను నడపకుండా ముందు ఆ లోపాన్ని సరిచేయించాలి.

ఆయిల్ నల్లబడినంత మాత్రాన మడ్డి ఉన్నట్టు కాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా మసి కలిసి కొద్ది కిలోమీటర్లలోనే నల్లబడుతుంది.

టాపెట్ కవర్ (ఇంజిన్ హెడ్ మీద ఉండే పెద్ద మూత) లోపలి గోడ మీది పలుచని వార్నిష్ గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. ఆ పొర అక్కడ ఉన్నా ఇంజిన్‌కు నష్టం లేదు. పిస్టన్ రింగుల గాడుల్లో, హైడ్రాలిక్ టాపెట్లలో, వాల్వ్ టైమింగును మార్చే సొలినాయిడ్ జల్లెడలో ఉన్న వార్నిష్ గురించే ఆలోచించాలి. గోడను మెరిపించాలన్న ఆశతో గీకడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

2. తీవ్రతను కొలవడం

కంటితో చూసిన తరువాత ఆయిల్ ప్రెషర్ కొలవాలి. డ్యాష్‌బోర్డు మీది ఎర్రదీపాన్ని నమ్ముకోవద్దు. చాలా కార్లలో ప్రెషర్ 5–7 పీఎస్ఐ దగ్గరకు పడిపోయే వరకు అది వెలగదు, అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ స్థానంలో సరైన మరగల అడాప్టరుతో మెకానికల్ గేజ్ బిగించండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఐడిల్‌లోనూ, 2000 నుంచి 3000 ఆర్‌పీఎం మధ్యా రీడింగులు రాసుకొని, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెలతో పోల్చండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల మోటు లెక్క. మాన్యువల్ దొరికితే ఆ లెక్కతో పని లేదు.

దీన్నిబట్టి దారి ఎంచుకోండి:

• వార్నిష్ మాత్రమే ఉండి ప్రెషర్ సరిగా ఉంటే: మూడో భాగం చదివి నేరుగా ఏడో భాగానికి వెళ్లవచ్చు.
• మెత్తని మడ్డి పలుచగా ఉండి ప్రెషర్ సరిగా ఉంటే: టాపెట్ కవర్ విప్పి చూసి, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాలో లేదో అప్పుడు నిర్ణయించుకోండి.
• మడ్డి మందంగా ఉన్నా, పెళ్లలు కనిపించినా, ప్రెషర్ తక్కువగా ఉన్నా: చాంబర్ దించక తప్పదు. దించేదాకా కారు నడపవద్దు.

ఇంజిన్ అడుగు భాగం నుంచి లోతైన దడదడ శబ్దం ఇప్పటికే వస్తుంటే అది శుభ్రతతో తీరే సమస్య కాదు. బేరింగులు చూడవలసిందే.

3. కారణాన్ని ముందే సరిచేయడం

ఈ భాగాన్ని వదిలేసినవారికి ఏడాది తిరగకుండానే మళ్లీ అదే మడ్డి కనిపిస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో అధిక భాగం సైలెన్సర్ ద్వారా పోయినా, కొంత రింగులను దాటి కిందికి చేరుతుంది. దానితోపాటు కాలని పెట్రోలు, మసి, ఆమ్లాలు కూడా చేరతాయి. వీటన్నిటినీ బయటికి లాగే దారి పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్. అది మూసుకుపోతే ఎంత మంచి ఆయిల్ పోసినా మడ్డి కట్టడం ఆగదు.

• పీసీవీ వాల్వ్: బంతి లేదా ప్లంజర్ ఉండే రకాన్ని విప్పి ఊపితే గలగలమనాలి. శబ్దం రాకపోతే కొత్తది వేయండి. శబ్దం వచ్చినా పాత వాల్వును మార్చడమే మేలు. దాని గొట్టాలు లోపల మూసుకుపోయాయేమో, చీలాయేమో చూడండి.
• థర్మోస్టాట్: తెరుచుకొని ఇరుక్కుంటే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, తేమ ఆవిరి కాదు. హైవేలో ఉష్ణోగ్రత ముల్లు మామూలు కన్నా కిందికి దిగుతుంటే మార్చండి.
• పెట్రోలు కలవడం: డిప్‌స్టిక్ మీద పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం దానంతటది పెరుగుతున్నా ఇంజెక్టర్లను, ఆక్సిజన్ సెన్సర్‌ను, మిస్సింగును పరీక్షించాలి.
• అధిక వేడి: ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూల సూత్రం. రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్లలో ఇంకొక సంగతి ఉంది. స్ట్రైనర్‌లో దొరికే నల్లని పీచు మడ్డి కాకుండా బెల్టు రబ్బరు కావచ్చు. అప్పుడు బెల్టు మార్చడమే అసలు మరమ్మతు. అలాంటి ఇంజిన్లలో ఫ్లష్ ద్రవాల జోలికి పోకూడదు.

4. సమకూర్చుకోవలసినవి

• గట్టి జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుదిమ్మలు. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరకూడదు.
• కొత్త టాపెట్ కవర్ ప్యాకింగ్, చాంబర్ ప్యాకింగ్ లేదా కంపెనీ చెప్పిన సీలెంట్, స్ట్రైనర్ పైపు ఓ-రింగు, డ్రెయిన్ ప్లగ్ వాషర్.
• కనీసం నాలుగు ఆయిల్ ఫిల్టర్లు, తొలిసారి నింపడానికీ ఆపై మూడు మార్పులకూ సరిపడా ఆయిల్.
• ప్లాస్టిక్ స్క్రాపర్లు, నైలాన్ బ్రష్షులు, పీచు రాలని గుడ్డలు, సన్నని గొట్టం తగిలించిన వ్యాక్యూమ్.
• టార్క్ రెంచ్, ప్రెషర్ గేజ్, వెడల్పాటి ట్రే, రబ్బరు గ్లవ్స్, కంటి అద్దాలు.

వాడిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి పదే పదే తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి గ్లవ్స్ లేకుండా పని చేయవద్దు. తీసిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించేవారికి ఇవ్వండి. సాల్వెంట్‌తో (మడ్డిని కరిగించి కడిగే ద్రవంతో) తడిసిన గుడ్డలను మూత ఉన్న లోహపు డబ్బాలో, మంటకు దూరంగా ఉంచండి.

5. పై నుంచి కిందికి: టాపెట్ కవర్, ఆ తరువాత చాంబర్

పైన పని చేస్తున్నప్పుడు ఎంత జాగ్రత్త పడినా కొంత మడ్డి కిందికి జారుతుంది. చాంబర్‌ను ముందే కడిగి బిగించేస్తే ఆ జారినదంతా శుభ్రమైన స్ట్రైనర్ ముందుకే చేరుతుంది. అందుకే పైన ముందు, కింద తరువాత. ఈ రెండింటి మధ్య ఇంజిన్‌ను స్టార్ట్ చేయకూడదు.

మొదట, ఇంజిన్‌ను గోరువెచ్చగా ఉంచి పాత ఆయిల్ దించండి. డ్రెయిన్ ప్లగ్ తెరిచే ఉంచి కింద ట్రే పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

టాపెట్ కవర్ చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్షుతో, గాలితో పోగొట్టాకే కవర్ విప్పండి. బయటి ఇసుక లోపల పడితే మడ్డి కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. కవర్ తీయగానే హెడ్ మీద ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు ఎక్కడున్నాయో గుర్తుపట్టి, పెద్ద గుడ్డముక్కలతో మూయండి. ఎన్ని ముక్కలు పెట్టారో కాగితం మీద రాసుకోండి. చివరికి అన్నీ బయటికి రావాలి.

మడ్డిని ప్లాస్టిక్ స్క్రాపర్‌తో పైకి ఎత్తుతూ, రెండో చేత్తో వ్యాక్యూమ్ గొట్టాన్ని పక్కనే పట్టుకొని తీయండి. గీకి పక్కకు నెట్టడం కాదు, ఎత్తి బయటికి తీయడం ముఖ్యం. మూలల్లో మిగిలినదాన్ని సాల్వెంట్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. స్ప్రేను నేరుగా హెడ్ మీద కొట్టవద్దు. వ్యాక్యూమ్‌తో మడ్డిని పీల్చే పని పూర్తయ్యేదాకా సాల్వెంట్ డబ్బా మూత తెరవవద్దు, దాని ఆవిరికి మోటారు నిప్పురవ్వ తగిలితే మంట లేస్తుంది.

తీగల బ్రష్షు, ఎమరీ కాగితం, డ్రిల్లుకు తగిలించే రాపిడి చక్రాలు పూర్తిగా నిషిద్ధం. వాటి నుంచి రాలే గరుకు రేణువులు బేరింగులలో దిగబడి షాఫ్టులను అరగదీస్తాయి.

హెడ్ శుభ్రమయ్యాక గుడ్డలు తీసి లెక్క సరిచూసి, రంధ్రాలు తెరుచుకున్నాయో లేదో మెత్తని ప్లాస్టిక్ గొట్టం దూర్చి పరీక్షించండి. ఈ రంధ్రాలు మూసుకుపోతే ఆయిల్ హెడ్ మీదే నిలిచి, వాల్వ్ సీళ్ల గుండా కారి, నీలిపొగగా బయటికి వస్తుంది. రింగులు పోయాయని పొరబడి ఇంజిన్ విప్పినవారు ఎందరో ఉన్నారు. తరువాత ఒక లీటరు కొత్త ఆయిల్‌ను హెడ్ అంతటా నెమ్మదిగా పోసి, తెరిచి ఉన్న డ్రెయిన్ రంధ్రం గుండా కారనివ్వండి. విడిగా తీసిన కవర్‌ను మాత్రం సాల్వెంట్‌తో నిశ్చింతగా కడగవచ్చు. దాని లోపలి పీసీవీ గదులను మరవకండి.

ఇక చాంబర్. కొన్ని కార్లలో చాంబర్ రావాలంటే ఎగ్జాస్ట్ పైపునో క్రాస్ మెంబర్‌నో దించాలి, ఇంజిన్‌కు పైనుంచి ఆసరా ఇవ్వాలి. అంత పని ఇంట్లో సాధ్యం కాదనిపిస్తే ఈ ఒక్క దశకు వర్క్‌షాపుకు టో చేయించండి. అంతేగాని దశనే ఎగ్గొట్టవద్దు. నా పాత కారు విషయంలో నేను ఎగ్గొట్టాను. పైన శుభ్రం చేసి, ఫ్లష్ పోసి, అంతా బాగుందనుకున్నాను. మూడో రోజు ఐడిల్‌లో ఎర్రదీపం మిణుకుమంది. చాంబర్ దించి చూస్తే అరచేయంత స్ట్రైనర్ జల్లెడ మీద తడి తోలులాంటి నల్లని పొర పరుచుకొని ఉంది. ఒక అంచున బొటనవేలంత మేర మాత్రమే తెరిచి ఉంది. ఇంజిన్ అప్పటిదాకా ఆ సందులోంచే ఆయిల్ పీల్చుకుంది.

స్ట్రైనర్‌ను పైపుతో సహా విప్పి, సాల్వెంట్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. ప్రతి కన్నూ తెరిచి ఉండాలి. మడ్డి జల్లెడకు బయటివైపునే కాదు, లోపలివైపు కూడా దాగి ఉంటుంది కాబట్టి పైపు చివర నుంచి సాల్వెంట్ పోసి కిందికి కార్చండి. లోపలి పెళ్లలు పూర్తిగా ఊడి రాకపోతే కొత్త స్ట్రైనర్ వేయడమే క్షేమం. పాత ఓ-రింగును ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి వాడవద్దు. గట్టిపడిన ఓ-రింగు పక్కనుంచి పంపు గాలి పీల్చుకుంటుంది, శుభ్రం చేశాక కూడా ప్రెషర్ పెరగదు. చాంబర్ లోపలి అడ్డుపలక వెనుక భాగాన్ని కూడా కడగండి.

6. బిగింపు, తొలి స్టార్ట్

సీలెంట్ వాడే చాంబర్ అయితే మాన్యువల్ చెప్పిన మందంలో సన్నని గీతగా మాత్రమే రాయండి. ఎక్కువైన సీలెంట్ లోపలికి ఉబికి, ఎండి, ఊడి, మీరు ఇప్పుడే కడిగిన స్ట్రైనర్‌కే అడ్డుపడుతుంది. అది ఆరడానికి ట్యూబు మీద రాసిన గడువు ఇవ్వండి. బోల్టులను టార్క్ రెంచ్‌తో, చెప్పిన వరుసలో బిగించండి.

1. కొత్త ఫిల్టర్ నిలువుగా ఉండే రకమైతే అందులో ఆయిల్ నింపి బిగించండి.
2. డ్రెయిన్ ప్లగ్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, మట్టం సరిచూసి, ప్రెషర్ గేజ్ తగిలించి, బ్యాటరీ తీగ తిరిగి కలపండి.
3. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, 10 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. నడుమ ఒక నిమిషం విరామం ఇవ్వండి. గేజ్ ముల్లు కదిలేవరకు ఇలా చేయండి.
4. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. రేస్ చేయవద్దు.
5. ప్రెషర్ కనిపించకపోయినా, పడిపోతున్నా వెంటనే ఆపండి.

7. తక్కువ దూరానికే ఆయిల్ మార్చడం

చేతికి అందని చోట్లలోని మడ్డిని, వార్నిష్‌ను ఇప్పుడు ఆయిల్‌లోని డిటర్జెంటు, డిస్పర్సెంటు రసాయనాలే కరిగించాలి. మాన్యువల్ చెప్పిన చిక్కదనంలో, తాజా ప్రమాణానికి తూగే సింథటిక్ ఆయిల్ ఎంచుకోండి. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పి ప్రమాణం పాత పెట్రోలు ఇంజిన్లకు కూడా పనికొస్తుంది. త్వరగా కరగాలని మరీ పలుచని ఆయిల్ వేయడం పొరపాటు.

• మొదటి మార్పు: 500 కిలోమీటర్లకు.
• రెండవది: మరో 1000 కిలోమీటర్లకు.
• మూడవది: మరో 2000 కిలోమీటర్లకు.
• ఆ తరువాత: 5000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అది.

ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాలి. ఫిల్టర్ నిండిపోతే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకొని, వడకట్టని ఆయిలే బేరింగులకు వెళుతుంది. తీసిన ఫిల్టర్‌ను పారేయకుండా, లోహపు పొడి రాలని ఫిల్టర్ కట్టర్‌తో కోసి, మడతలు విప్పి చూడండి. నల్లని నలుసులు మార్పు మార్పుకూ తగ్గుతుంటే పని సరిగా నడుస్తున్నట్టే. మెరిసే లోహపు రేకులు కనిపిస్తే కారు ఆపి బేరింగులను పరీక్షించాలి.

గట్టి వార్నిష్ వేల కిలోమీటర్లకు గాని పలుచబడదు. ఈ విషయంలో ఓపిక పట్టడం తప్ప దగ్గరిదారి లేదు.

8. ఫ్లష్ సీసా ఎప్పుడు, ఎలా

స్ట్రైనర్, చాంబర్ శుభ్రంగా ఉన్నాయని చూసిన తరువాత, మిగిలిన పలుచని మడ్డికి మాత్రమే దీన్ని వాడవచ్చు. ఆయిల్ మార్చబోయే ముందు, వేడెక్కిన ఇంజిన్‌లో సీసా మీద చెప్పినంతే పోసి, చెప్పినంతసేపు, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు, ఐడిల్‌లో ఉంచండి. ఫ్లష్ కలిసిన ఆయిల్ పలుచనై బేరింగులను సరిగా కాపాడలేదు కనుక రేస్ చేయడం, కారు నడపడం రెండూ వద్దు. వెంటనే పూర్తిగా దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోయండి.

కిరోసిన్, డీజిల్ పోసి ఇంజిన్ తిప్పే పాత అలవాటును మానుకోండి. విడిగా తీసిన భాగాలు కడగడానికి కిరోసిన్ మంచిదే, తిరిగే ఇంజిన్‌లో పోయడానికి కాదు.

9. ఇరుక్కున్న రింగులకు నానబెట్టే పద్ధతి

పెట్రోలు ఇంజిన్ ఆయిల్ తాగుతూ ఉండి, పై పనులన్నీ అయ్యాక కూడా తగ్గకపోతే ఇది ప్రయత్నించవచ్చు. డీజిల్ ఇంజిన్‌లో దీన్ని సొంతంగా చేయవద్దు.

1. ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు స్పార్క్ ప్లగ్గులు విప్పండి. క్రాంక్‌ను చేత్తో తిప్పి పిస్టన్లను వీలైనంత ఒకే ఎత్తుకు తెండి.
2. పిస్టన్ శుభ్రతకు ఉద్దేశించిన ద్రవాన్ని ఒక్కో సిలిండర్‌లో 30 నుంచి 50 మిల్లీలీటర్లు పోసి రాత్రంతా ఉంచండి.
3. మిగిలిన ద్రవాన్ని సిరంజితో పీల్చేయండి. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపి, సెల్ఫ్ కొట్టండి.
4. ప్లగ్గులు బిగించి, ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయండి. కాసేపు తెల్లపొగ వస్తుంది.

మూడో అంచెను దాటవేస్తే సిలిండర్‌లో నిలిచిన ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

10. శుభ్రం చేశాక తలెత్తే ఇబ్బందులు

• కొత్తగా ఆయిల్ కారడం: గట్టిపడిన సీళ్ల చీలికలను ఇన్నాళ్లూ మడ్డే మూసి ఉంచింది. కారే సీలును మార్చాలి, మడ్డిని తప్పుపట్టి లాభం లేదు.
• టాపెట్ల టకటక: ఊడిన వార్నిష్ ఇరుక్కొని ఉండవచ్చు. ఒకటి రెండు ఆయిల్ మార్పుల వరకు చూసి, తగ్గకపోతే ఆ టాపెట్లను విప్పండి.
• ఇంజిన్ లైటు వెలిగి టైమింగ్ లోపం చూపడం: సొలినాయిడ్ విప్పి దాని జల్లెడను కడగండి.
• చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుండి, వేడెక్కాక పడిపోవడం: స్ట్రైనర్ శుభ్రంగా ఉందని మీకు తెలుసు కనుక, ఇక బేరింగుల అరుగుదలనూ ఆయిల్ పంపునూ అనుమానించాలి.
• ఐడిల్ పైకీ కిందికీ ఊగడం: పీసీవీ గొట్టం సరిగా ఎక్కలేదు, లేదా టాపెట్ కవర్ ప్యాకింగ్ పక్కనుంచి గాలి లాగుతోంది.

11. మళ్లీ పేరుకోకుండా

వారానికి ఒక్కసారైనా కారును ఆగకుండా అరగంట నడపండి. కూలెంట్ ముల్లు నడిమికి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. తేమ, పెట్రోలు ఆవిరయ్యేది ఆ తరువాతే. టర్బో ఉన్న ఇంజిన్‌ను గట్టిగా నడిపిన వెంటనే ఆపకుండా, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి.

ప్రతి ఆయిల్ మార్పు రోజున మూత తీసి, అదే కోణం నుంచి, అదే టార్చి వెలుతురులో ఒక ఫోటో తీసి, కిలోమీటర్ రీడింగు, వేడి ఇంజిన్ ప్రెషర్ రెండూ దాని కింద రాసి పెట్టుకోండి. రెండు ఫోటోల మధ్య రంగు ముదిరితే తదుపరి మార్పును 1000 కిలోమీటర్లు ముందుగానే చేసి, పీసీవీ వాల్వ్‌ను మరోసారి విప్పి చూడండి.